గోడమీది ధ్రువపత్రం మందు గురించి చెప్పదు

వైద్యుడు రాసిన చీటీకీ రోగి మింగే మాత్రకూ నడుమ ఒక చదువుకున్న మనిషి ఉండాలని మన చట్టం నిర్ణయించింది. ఆ మనిషి పేరు ఫార్మసిస్టు. వైద్యుడు పొరబడితే పట్టుకోగలిగిన చివరి వ్యక్తి ఫార్మసిస్టే. రోగికి బోధపడని దాన్ని విడమరచి చెప్పగలిగిన చివరి వ్యక్తి కూడా ఫార్మసిస్టే. ఆ చేయి దాటిన మందుకు ఇక అడ్డు లేదు. ఇంతటి బాధ్యత గల వృత్తిని మనమంతా కలిసి ఏ స్థితికి తెచ్చామో ఈ వ్యాసంలో చెప్పదలచాను. నా వాదం ఇది: దుకాణంలో లేని ఫార్మసిస్టు రోగికి ఎంత ప్రమాదకరమో, పట్టా పుచ్చుకున్ననాడే చదువు మానేసిన ఫార్మసిస్టు కూడా అంతే ప్రమాదకరం. మొదటి లోపాన్ని పట్టుకోవడానికి అప్పుడప్పుడు తనిఖీలైనా జరుగుతాయి. రెండవ లోపాన్ని గురించి అడిగే నాథుడే లేడు.

నిజామాబాదు జిల్లాలోని వర్నిని దృష్టిలో ఉంచుకుని ఈ విషయం వివరిస్తాను. అక్కడి ఏ దుకాణాన్నీ, ఏ వ్యక్తినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. బోధన్‌కూ బాన్సువాడకూ నడుమ, నిజాంసాగర్ కాలువ నీటితో వరి, చెరకు పండించుకుంటూ వచ్చిన ఈ ప్రాంతం తెలంగాణలోని ఎన్నో మండల కేంద్రాల వంటిదే. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులు, తండాలు, బీడీలు చుట్టే స్త్రీలు, నాట్లకూ కోతలకూ కూలికి పోయేవారు ఇక్కడి జనం. పెద్ద ఆసుపత్రి కావాలంటే బోధన్‌కో, బాన్సువాడకో, నిజామాబాదుకో పోవాలి. అందుకు బస్సు ఛార్జీతోబాటు ఒక రోజు కూలి కూడా వదులుకోవాలి. కనుక ఒళ్లు నొప్పులకు, జ్వరానికి, దగ్గుకు మొదట ఎక్కే గడప మందుల దుకాణానిదే అవుతుంది. ఇటువంటి చోట కౌంటరు వెనుక నిలబడిన మనిషికి ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

అడగని ఒక్క ప్రశ్న

నాట్ల కాలమనుకోండి. రోజంతా నడుము వంచి బురదలో నాట్లు వేసిన 50 ఏళ్ల స్త్రీ సాయంత్రం దుకాణానికి వచ్చి, “నొప్పుల గోళీలు ఇయ్యి బిడ్డా” అని అడుగుతుంది. కౌంటరు వెనుక ఉన్న కుర్రవాడు డైక్లోఫినాక్ లేదా ఎసిక్లోఫినాక్ కలిసిన మాత్రలు నాలుగు కత్తిరించి ఇస్తాడు. ఇచ్చినవాడికీ తీసుకున్నవారికీ ఇందులో తప్పేమీ కనిపించదు.

కాని ఆమె రక్తపుపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నది. అందులో టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ అనే రెండు మందులు కలిసి ఉన్నాయి. ఇప్పుడు ఆమె కిడ్నీలలో ఏమి జరుగుతుందో చూడండి. కిడ్నీలలో రక్తాన్ని వడగట్టే సూక్ష్మమైన జల్లెడలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ప్రతి జల్లెడకూ రక్తాన్ని లోనికి తెచ్చే సన్నని నాళం ఒకటి, బయటికి తీసుకుపోయే నాళం మరొకటి ఉంటాయి. వడపోత సాగాలంటే జల్లెడలో తగినంత ఒత్తిడి ఉండాలి. డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల ఉత్పత్తిని అడ్డుకుని, రక్తాన్ని లోనికి తెచ్చే నాళం ముడుచుకునేటట్లు చేస్తాయి. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోని నీటినీ ఉప్పునూ మూత్రంలో బయటికి పంపుతుంది. దానికి తోడు ఎండలో చెమటోడ్చి, చాలినన్ని నీళ్లు తాగని శరీరమది. ఈ మూడు మందులూ ఒకచోట చేరితే జల్లెడలో ఒత్తిడి పడిపోయి, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. వేసుకున్న ప్రతివారికీ అలా జరగదు. వయసు మళ్లినవారికి, మధుమేహం ఉన్నవారికి, ఒంట్లో నీరు తగ్గినవారికి ఆ ప్రమాదం ఎక్కువ.

దీన్ని నివారించడానికి యంత్రాలు అక్కరలేదు, రక్తపరీక్ష అక్కరలేదు. “అమ్మా, బీపీకి గాని షుగర్‌కు గాని ఏమైనా మందులు వాడుతున్నావా? ఆ గోళీల పట్టీ ఒకసారి చూపించు” అని అడిగితే చాలు. జవాబు విన్నాక ఆ నొప్పి మాత్రకు బదులు పారాసెటమాల్ చాలునేమో ఆలోచించి, నొప్పి తగ్గకపోతే వైద్యుడి వద్దకు పంపితే చాలు. కాని ఆ ప్రశ్న అడగాలని తోచాలంటే ఈ మూడు మందుల కలయిక సంగతి తెలిసి ఉండాలి. అద్దె పట్టా కింద పనిచేసే కుర్రవాడికి అది తెలిసే అవకాశం లేదు. ఇరవై ఏళ్ల కిందట డిప్లొమా ముగించి, ఆ తర్వాత ఒక్క పుస్తకమూ తెరవని ఫార్మసిస్టుకు గుర్తుండే అవకాశమూ తక్కువే. మెడ వంచుకుని బీడీలు చుట్టి మెడనొప్పితో, నడుమునొప్పితో బాధపడే స్త్రీలు వేలాదిగా ఉన్న జిల్లా ఇది. ఇక్కడ నొప్పి మాత్ర ఉప్పూ పప్పూ లాగా అమ్ముడుపోవడం చిన్న సంగతి కాదు.

కల్లులో కలిసిన గోళీ

రెండవ ఉదాహరణ ఈ ప్రాంతానికే పట్టిన పీడ. నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతాలలో కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలపడం ఏళ్ల తరబడి సాగుతున్న నేరం. 2025 ఏప్రిల్‌లో వర్నికి సమీపంలోనే, కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల గ్రామాలలో కల్తీ కల్లు తాగి పదుల సంఖ్యలో జనం ఆసుపత్రుల పాలయ్యారు. అదే ఏడాది జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలనే తీసింది.

అల్ప్రాజోలం మెదడులో ఉద్రేకాన్ని అణచే వ్యవస్థకు బలం చేకూరుస్తుంది. రోజూ తీసుకుంటే మెదడు దానికి అలవాటు పడి, తన సహజమైన పట్టును సడలిస్తుంది. అటువంటి స్థితిలో మందు ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చిగా మాట్లాడటం, మూర్ఛలు రావడం జరుగుతుంది. 2015లో కల్తీ కల్లుపై ప్రభుత్వం ఉక్కుపాదం మోపినప్పుడు తెలంగాణలోని పలు జిల్లాల ఆసుపత్రులు ఇటువంటి రోగులతో నిండిపోయాయి. తాగినవాడికి తాను అల్ప్రాజోలం తీసుకుంటున్నానని తెలియదు. కల్లు దొరకక ఒళ్లు వణుకుతున్నదని మాత్రమే తెలుసు. ఆ వణుకుతో అతడు ముందుగా వచ్చేది మందుల దుకాణానికే. “నిద్ర పట్టే గోళీ ఇయ్యి” అని అడుగుతాడు, లేదా “నొప్పులకు గట్టి మందు ఇయ్యి” అంటాడు. ఆ గట్టి మందు ట్రమడాల్ అయితే మూర్ఛలు వచ్చే ప్రమాదం మరింత పెరుగుతుంది.

అల్ప్రాజోలం, ట్రమడాల్ రెండూ 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్-1లోని మందులు. వీటిని అమ్మినప్పుడల్లా రాసిన వైద్యుడి పేరు, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారన్న లెక్క ప్రత్యేకమైన రిజిస్టరులో రాసి, మూడేళ్లు భద్రపరచాలని నియమం. చాలామంది దృష్టిలో ఈ రిజిస్టరు డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చూపించే పుస్తకం మాత్రమే. నిజానికి అది ఒక ఊరి ఆరోగ్యానికి అద్దం. ఏ నెలలో నిద్రమాత్రల చీటీలు పెరిగాయి, ఏ వయసువారు ఎక్కువగా వస్తున్నారు, కల్లు దుకాణాలు మూతపడ్డ వారం ఎందరు మాత్రల కోసం వచ్చారు అన్న ప్రశ్నలకు అందులో జవాబులుంటాయి. ఆ రిజిస్టరును చదివేవారు లేరు, చదవడం నేర్పినవారూ లేరు.

1,826 రోజులలో 2 రోజులు

చట్టం లేదని ఎవరూ సాకు చెప్పడానికి వీలులేదు. కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన 1930లో ఏర్పడిన విచారణ సంఘం ఈ దేశంలో మందుల కల్తీనీ, శిక్షణ లేనివారి చేతుల్లో సాగుతున్న వ్యాపారాన్నీ పరిశీలించి నివేదిక ఇచ్చింది. ఆ దారిలోనే 1940లో ఔషధ చట్టమూ 1948లో ఫార్మసీ చట్టమూ వచ్చాయి. వైద్యుడి చీటీపై మందులు కలిపి ఇవ్వడానికి, అందించడానికి నమోదైన ఫార్మసిస్టుకు తప్ప మరెవరికీ హక్కు లేదని 1948 చట్టంలోని 42వ సెక్షను చెబుతుంది. 2015 జనవరిలో ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు వచ్చాయి. తెల్లకోటు వేసుకోవాలి, పేరూ నమోదు సంఖ్యా కనిపించే బిళ్ల పెట్టుకోవాలి, మందు ఎందుకో, ఎలా వాడాలో, దుష్ఫలితాలేమిటో, ఒక మోతాదు మరచిపోతే ఏమి చేయాలో రోగికి చెప్పాలి అని ఆ నిబంధనలలో ఉంది. మీరు చివరిసారి మందులు కొన్నప్పుడు వీటిలో ఎన్ని జరిగాయో గుర్తు చేసుకోండి.

ఆ నిబంధనలలోనే వృత్తి విద్య కొనసాగింపు గురించి కూడా ఉంది. నమోదును పునరుద్ధరించుకోవాలంటే 5 సంవత్సరాలలో కనీసం 2 పునశ్చరణ తరగతులకు హాజరు కావాలి. ఒక్కొక్కటి కనీసం ఒక రోజు ఉండాలి. 5 సంవత్సరాలంటే సుమారు 1,826 రోజులు. అందులో 2 రోజులు చదివితే చాలునన్నమాట! ఆ రెండు రోజులలోనూ ఉదయం సన్మానాలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ధ్రువపత్రం అయితే ఇక మిగిలేదేమిటి? హాజరుపట్టీలో సంతకం చేసినవారికి పత్రం వస్తుంది. ఏమి నేర్చుకున్నారని పరీక్షించేవారు లేరు.

2023 చివరి నుంచి 2025 చివరి వరకు ఆ రంగంలో ఏమి జరిగిందో చూడండి. 2023 నవంబరు 30న భారత ఔషధ సంహితా సంఘం మెఫెనమిక్ ఆమ్లం గురించి హెచ్చరిక జారీ చేసింది. స్త్రీలు నెలసరి నొప్పికి చీటీ లేకుండానే కొనుక్కునే మాత్ర ఇది. అరుదుగానే అయినా, దానివల్ల జ్వరం, ఒంటినిండా దద్దురు, కాలేయం వంటి అవయవాలకు దెబ్బ కలిగించే డ్రెస్ అనే తీవ్రమైన ప్రతిచర్య రావచ్చునని ఆ హెచ్చరిక సారాంశం. 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందును 4 ఏళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాలపై ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. 2024 ఆగస్టులో కేంద్రం 156 మిశ్రమ ఔషధాలను నిషేధించింది. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగిన చిన్నపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్లు తేలింది. కోల్డ్‌రిఫ్ ఎస్ఆర్-13 బ్యాచి వాడవద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా హెచ్చరించింది.

ఇవన్నీ ఐదేళ్లకు రెండు రోజుల తరగతి కోసం ఆగగలిగే సంగతులేనా? దగ్గుమందు హెచ్చరిక వచ్చిన రోజు సాయంత్రమే వర్నిలోని ప్రతి అరలోనూ ఆ సీసా ఉన్నదో లేదో చూసి తీసి పక్కన పెట్టాలి. పత్రికల్లో వచ్చింది కనుక అది అందరికీ తెలిసింది. పత్రికల్లో మొదటి పుటకెక్కని మెఫెనమిక్ ఆమ్లం హెచ్చరిక మాటేమిటి? ఆ మాత్ర అడిగిన యువతికి “దీన్ని వాడుతుండగా ఒంటిమీద దద్దురు, జ్వరం వస్తే వెంటనే మానేసి వైద్యుడి దగ్గరకు వెళ్లు” అని ఎన్ని దుకాణాలలో చెబుతున్నారో మీరే విచారించి చూడండి.

చెరకుకు పరిశోధన ఉంది, మనిషికి లేదు

ఇక పరిశోధన సంగతి. ఈ మాట వినగానే మనవారికి ప్రయోగశాల, గాజు గొట్టాలు, కొత్త అణువులు గుర్తుకు వస్తాయి. హైదరాబాదు మందుల తయారీకి ప్రపంచంలో పేరు పొందింది. ఐడీపీఎల్ నాటి నుంచి జీనోమ్ వ్యాలీ వరకు ఆ చరిత్ర గర్వించదగినదే. కాని మందును తయారు చేసే శాస్త్రం వేరు, తయారైన మందు మనుషుల చేతుల్లో ఏమవుతున్నదో పరిశీలించే శాస్త్రం వేరు. రెండవదాని పేరే ఫార్మసీ ప్రాక్టీస్. మందుల తయారీకి రాజధాని అనిపించుకున్న రాష్ట్రంలో ఆ రెండవ శాస్త్రం ఊళ్లలో కనిపించకపోవడం దీపం కింద చీకటి కాక మరేమిటి?

వర్ని పక్కనే రుద్రూర్ ఉంది. అక్కడ చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. ఏ వంగడం ఈ నేలకు సరిపోతుంది, ఏ తెగులుకు ఏ మందు ఎంత మోతాదులో చల్లాలి అన్న ప్రశ్నలకు శాస్త్రవేత్తలు మడుల్లో పండించి, కొలిచి, లెక్కగట్టి జవాబు చెబుతారు. ఆ పని గొప్పది. నిజాం కాలంలో బోధన్‌లో వెలసిన చక్కెర కర్మాగారం 2015లో మూతపడినా, చెరకును గురించిన పరిశోధన అవసరం లేదని ఎవరూ అనలేదు. మరి అదే రైతు మింగుతున్న మాత్ర అతని ఒంటికి సరిపడుతున్నదా అన్న ప్రశ్నకు జవాబు వెదికే కేంద్రం ఈ చుట్టుపక్కల ఏది? పైరుపై చల్లే మందుకు ఉన్న శ్రద్ధ మనిషి మింగే మందుకు అక్కరలేదా?

అర్హులైన మనుషులు లేరని కూడా అనలేము. 2008లో మన దేశంలో ఫార్మ్-డి అనే ఆరేళ్ల కోర్సు మొదలైంది. అందులో ఐదవ ఏట విద్యార్థి ఆరు నెలల ప్రాజెక్టు చేయాలి. ఆరవ ఏడు పూర్తిగా ఆసుపత్రిలో శిక్షణ. ఆ కోర్సుకు 300 పడకల ఆసుపత్రి అనుబంధంగా ఉండాలన్నది నియమం. ఫలితంగా ఆ విద్యార్థుల పరిశీలన అంతా పెద్ద ఆసుపత్రుల వార్డుల్లోనే సాగుతుంది. వార్డులో పడుకున్న రోగిని చూడటం అవసరమే. కాని ఆ రోగిని వార్డుకు చేర్చిన నొప్పి మాత్ర ఎక్కడో ఒక ఊరి కౌంటరు మీద చేతులు మారింది. అక్కడికి ఏ విద్యార్థీ రాడు. ఆ ప్రాజెక్టులు గ్రంథాలయపు బీరువాల్లో చేరి అక్కడే ఉండిపోతే మండల కేంద్రానికి వాటివల్ల కలిగే మేలేమిటి?

చిన్న దుకాణంలో పరిశోధన సాధ్యమేనా అని మీరు అడగవచ్చు. సాధ్యమని లోకం ఎప్పుడో నిరూపించింది. 1990ల చివర అమెరికాలోని ఆష్‌విల్ అనే చిన్న నగరంలో మధుమేహం ఉన్న పురపాలక ఉద్యోగులను స్థానిక ఫార్మసిస్టులకు అప్పగించారు. వారు క్రమం తప్పకుండా రోగులతో కూర్చుని, మందుల వాడకం, చక్కెర కొలతలు చూసి సలహా చెప్పారు. రోగుల చక్కెర అదుపులోకి వచ్చింది, వైద్యానికయ్యే మొత్తం ఖర్చు కూడా తగ్గింది. ఇంగ్లండులో 2011 నుంచి, దీర్ఘవ్యాధికి కొత్తగా మందు మొదలుపెట్టిన రోగిని ఫార్మసిస్టు కొద్ది రోజుల తర్వాత పలకరించి ఇబ్బందులు అడిగే పద్ధతి ఉంది. దానివల్ల మందును సక్రమంగా వాడేవారు సుమారు 10 శాతం పెరిగారని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో జరిగిన అధ్యయనం చూపింది. ఆ దేశంలోనే 2018 నుంచి ప్రతి ఫార్మసిస్టూ ఏటా ఆరు నమోదులు సమర్పించాలి. తాను నేర్చుకున్న నాలుగు అంశాలు, తోటివారితో జరిపిన ఒక చర్చ, తన పనిని తానే బేరీజు వేసుకున్న ఒక రచన అందులో ఉండాలి. ఏమి నేర్చుకున్నాను, దానివల్ల నా రోగికి ఏమి మేలు జరిగింది అన్నదే అక్కడి ప్రశ్న. మన దగ్గర ప్రశ్న హాజరైనావా లేదా అన్నదే.

వినవచ్చే అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం దుకాణదారులది: “గిరాకీకి నిలబడే ఓపిక ఉండదు. ప్రశ్నలు అడిగితే పక్క దుకాణానికి పోతారు.” ఇందులో కొంత నిజముంది. అసలు చిక్కు ఇంకా లోతైనది. మన వ్యవస్థలో మందు అమ్మితేనే ఆదాయం. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు నియంత్రిత మందులపై చిల్లర వర్తకుడికి 16 శాతం లాభం అనుమతిస్తుంది. రోగిని ప్రశ్నించి, “ఈ మాత్ర నీకు వద్దు” అని చెప్పిన ఫార్మసిస్టుకు వచ్చేది సున్న. తన జ్ఞానాన్ని ఉపయోగించిన ప్రతిసారీ నష్టపోయేటట్లు ఒక వృత్తిని అమర్చి, ఆ వృత్తిలో జ్ఞానం పెరగడం లేదని వాపోవడం వివేకం కాదు. పట్టాలు అద్దెకు పోవడానికి మూలకారణమూ ఇదే. చదువుకున్న మనిషికన్నా గోడకు తగిలించే కాగితం చవక. ఆ అద్దె పుచ్చుకునేవారిని క్షమించమని నేను అనడం లేదు. తన పేరుమీద ఎవరో మందులు పంచుతుంటే నెలనెలా డబ్బు తీసుకోవడం రోగిని మోసగించడమే. అయితే శిక్షతో పాటు, నిలబడి పనిచేసేవాడికి తగిన వేతనమూ ఉండాలి.

రెండవ అభ్యంతరం మా వైద్యులది: “ఫార్మసిస్టుకు అధికారమిస్తే వైద్యం చేయడం మొదలుపెడతాడు.” ఈ భయం తలకిందులుగా ఉంది. చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్లు అమ్మడం జరుగుతున్నది చదువు తక్కువైనందువల్లా, లాభాపేక్షవల్లా. మందును లోతుగా తెలిసినవాడు దాన్ని ఇవ్వడానికి జంకుతాడు. పైగా మా వృత్తి మాత్రం కడిగిన ముత్యమా? అర్థం కాని దస్తూరీతో చీటీలు రాసేదెవరు? ఒకే రోగానికి రెండు మూడు మిశ్రమ మాత్రలు రాసేదెవరు? ఫార్మసిస్టు ఫోను చేసి “డాక్టరుగారూ, ఈ రెండు మందులూ కలవవేమో” అంటే చిరాకుపడేదెవరు? తిలాపాపం తలా పిడికెడు. ఆ ఫోనును అవమానంగా భావించిన వైద్యుడు తన రోగికున్న రక్షణను తానే తీసివేస్తున్నాడు.

మూడవ అభ్యంతరం అధికారులది: “సిబ్బంది లేరు, నిధులు లేవు.” నేను అడుగుతున్నవాటిలో పెద్ద భవనాలు కట్టవలసినవి ఏవీ లేవు.

చేయదగిన పనులు

ఒకటి: ఐదేళ్లకు రెండు రోజుల తంతును రద్దు చేసి, ప్రతి నెలా రెండు గంటల చదువును నియమం చేయాలి. బోధన్, బాన్సువాడ, నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రులలో ఎక్కడైనా ఒక గది చాలు. 2013 నుంచి నిజామాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడి ఔషధశాస్త్ర అధ్యాపకులు, చుట్టుపక్కల ఫార్మసీ కళాశాలలవారు బోధించవచ్చు. చర్చ తెలుగులో జరగాలి, ఆ నెలలో వచ్చిన హెచ్చరికలతో మొదలుకావాలి. చివర పది ప్రశ్నల పరీక్ష ఉండాలి.

రెండు: ప్రతి ఫార్మ్-డి విద్యార్థీ తన శిక్షణలో కొన్ని వారాలు మండల కేంద్రంలోని దుకాణంలోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు మందుల గదిలోనూ గడపాలి. ఆరు నెలల ప్రాజెక్టుకు ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి. చీటీ లేకుండా నొప్పి మాత్ర అడిగిన 100 మందిలో రక్తపుపోటు మందు వాడుతున్నవారెందరు? యాంటీబయాటిక్ రెండు రోజులకే కొని ఆపేసినవారెందరు? నెల మందులు అయిపోయాక తిరిగి వచ్చినవారెందరు? ఒక నోటుపుస్తకం, ఒక కలం, రోగి అనుమతి, నైతిక సంఘం ఆమోదం ఉంటే చాలు. వచ్చిన ఫలితాలను ఆ ఊరి ఫార్మసిస్టుకూ వైద్యుడికీ తెలుగులో తిరిగి చెప్పాలి. ఆ పరిశీలనలో పాలుపంచుకున్న ఫార్మసిస్టు పేరు కూడా వ్యాసంలో ఉండాలి.

మూడు: ఔషధ నిఘాను కౌంటరు దాకా తీసుకురావాలి. 2010లో మొదలైన భారత ఔషధ నిఘా కార్యక్రమానికి ఎవరైనా దుష్ఫలితాన్ని తెలియజేయవచ్చు. రోగులు నింపడానికి తెలుగులోనే పత్రం ఉంది. 1800-180-3024 అనే ఉచిత సంఖ్యకు ఫోను చేసినా చాలు. ప్రతి దుకాణంలో ఈ సంఖ్యను గోడమీద రాయించాలి. ఒక ఫార్మసిస్టు ఏడాదిలో ఎన్ని దుష్ఫలితాలను గుర్తించి పంపాడన్నది అతని నమోదు పునరుద్ధరణలో లెక్కకు రావాలి.

నాలుగు: రోగితో కూర్చుని మందులు సరిచూసిన పనికి రుసుము ఉండాలి. దీర్ఘవ్యాధులకు ప్రభుత్వం నెలనెలా మందులు ఇస్తున్నది. ఆ రోగులను మూడు నెలలకొకసారి నమోదైన ఫార్మసిస్టు కూర్చోబెట్టి మాట్లాడితే, ఆ పనికి కొంత మొత్తం చెల్లించాలి. కిడ్నీలు చెడిన ఒక్క రోగి డయాలిసిస్ కోసం ప్రజాధనం నుంచి ఏళ్లపాటు పెట్టే ఖర్చుతో పోల్చితే అది చాలా చిన్న మొత్తం.

మీరు చేయవలసినది

పాఠకులారా, ఇవి జరిగేదాకా ఊరకే కూర్చోనక్కరలేదు. మీ చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

మందుల దుకాణంలో అడుగుపెట్టగానే “ఫార్మసిస్టు ఎవరండీ?” అని మర్యాదగా అడగండి. గోడమీది ధ్రువపత్రంలోని ఫోటో, కౌంటరు వెనుక ఉన్న ముఖం ఒకటేనా చూడండి. మీరు రోజూ వాడే మందుల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి, కొత్త మందు తీసుకునేముందు వాటిని చూపించండి. మూడు ప్రశ్నలు అడగండి: ఈ మందు దేనికి? నేను వాడే మందులతో దీనికి పొసగుతుందా? ఏ లక్షణం కనిపిస్తే మానేయాలి? జవాబు చెప్పగలిగిన ఫార్మసిస్టు దొరికితే, రెండు రూపాయలు తగ్గించే మరో దుకాణాన్ని వదులుకుని అయినా అక్కడికే వెళ్లండి. అతడు “ఈ గోళీ మీకు వద్దు” అన్నప్పుడు కోపగించుకోకండి, కృతజ్ఞత చెప్పండి. ఫార్మసిస్టు లేకుండా దుకాణం నడుస్తున్నదని రూఢిగా తెలిస్తే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఉచిత సంఖ్య 1800-599-6969కు తెలియజేయండి. మీ ఇంట్లో ఫార్మసీ చదువుతున్న పిల్లలుంటే, పట్టాను అద్దెకిచ్చి వచ్చే సులభమైన సొమ్మును ఆశించవద్దని వారికి చెప్పండి.

ఈ వృత్తిలో ఉన్న యువతీయువకులకు నా చివరి మాట. మిమ్మల్ని అమ్మకపు గుమాస్తాలుగా చూసే సమాజం మీకు అన్యాయం చేస్తున్నది, నిజమే. ఆ చూపు మారాలంటే మీ నోటినుంచి వచ్చే సలహా రోగి ప్రాణానికి పనికివచ్చిందని ఊరు గుర్తించాలి. అందుకు ఈ వారమే ఒక నోటుపుస్తకం కొనండి. మీ కౌంటరుకు వచ్చి నొప్పి మాత్ర అడిగిన ప్రతి ఒక్కరినీ రక్తపుపోటు మందు వాడుతున్నారా అని అడిగి, ఊరూ పేరూ లేకుండా అవునో కాదో మాత్రం రాసుకోండి. నెల తిరిగేసరికి వర్ని గురించి మరే వైద్యుడి వద్దా, మరే అధికారి వద్దా లేని ఒక లెక్క మీ దగ్గర ఉంటుంది. ఆ లెక్క పట్టుకుని వెళ్లి మీ మండల వైద్యాధికారి ముందు పెట్టండి.